చదవకముందే ప్రశ్న అడిగితే తప్పు నాటుకుపోతుందా?

అధ్యాయం చదవకముందే నేను దాని మీద ఒక ప్రశ్న ఇస్తాను. కొత్త బ్యాచ్ వచ్చిన ప్రతిసారీ ఛాత్రోపాధ్యాయులు (టీచర్ ట్రైనింగ్ చేసేవాళ్లు) నన్ను అడిగేది ఇదే: "మేడమ్, ఇంకా చదవనే లేదు కదా, జవాబెలా రాస్తాం?"

అపోహ: ముందు చదవాలి, ప్రశ్నలు తర్వాతే. ఊహించి రాస్తే ఆ తప్పే బుర్రలో నాటుకుపోతుంది.

వాస్తవం: చదివాక సరిచూసుకుంటే నాటుకుపోదు. ఎవరు పుట్టించారో గానీ, ఈ అపోహ వల్ల ఎంతోమంది పేజీలకు పేజీలు అండర్‌లైన్ చేసి, ఏమీ మిగుల్చుకోకుండా వెళ్తున్నారు. 2009లో రిచ్‌లాండ్, కోర్నెల్, కావో అనే పరిశోధకులు చేసిన ప్రయోగాల్లో, చదవకముందు ప్రశ్నలకు తప్పు జవాబులిచ్చినవాళ్లు కూడా, ఆ సమయాన్ని అదనంగా చదవడానికి వాడుకున్నవాళ్ల కంటే ఆ విషయాలను బాగా గుర్తుంచుకున్నారు.

పిల్లల పొరపాట్ల గురించిన అధ్యాయం ఇచ్చే ముందు నేను బోర్డు మీద 52 - 38 = 26 అని రాస్తాను. "పిల్లవాడు ఇలా ఎందుకు చేశాడు? అయిదు నిమిషాల్లో ఎవరికి వారు రాయండి." ఎక్కువమంది 'అజాగ్రత్త' అని రాస్తారు. ఒకసారి ఒకమ్మాయి టెన్షన్‌తో కాగితాన్ని చేత్తో కప్పేసుకుంది. తర్వాత అధ్యాయం చదువుతూ ఒకచోట ఆగిపోయింది. ఆ పిల్లవాడు 8లోంచి 2, 5లోంచి 3 తీశాడు. ఎటునుంచైనా సరే పెద్ద అంకెలోంచి చిన్నది తీసేయడమే వాడికి తెలిసిన పద్ధతి. తన 'అజాగ్రత్త' కొట్టేసి, పక్కన 'వీడికో రూలుంది' అని రాసుకుంది. ముందు ఆ అయిదు నిమిషాలు తల బద్దలు కొట్టుకోకపోతే ఆ పేరా మీద కూడా గీత గీసి పేజీ తిప్పేసేది.

భయపడేవాళ్లకు ఒక మాట: ఆ కాగితాలు నేను తీసుకోను, మార్కులూ వేయను. తప్పు రాస్తే మీకు పోయేదేమీ లేదు. చదివాక సరిచూసుకోవడం మాత్రం మానొద్దు, అది మానేస్తే తప్పు తప్పుగానే ఉండిపోతుంది.

అపోహ: ఏ ప్రశ్న అడిగినా ఒకటే. కాదు. అడిగిన విషయం బాగా గుర్తుంటుంది, అడగనిది అంతగా ఉండదు. అధ్యాయంలో కీలకమైనదాని మీదే అడగండి.

అపోహ: విషయం ముందే చెప్పేస్తే ఆసక్తి పోతుంది. కానీ ముందే తెలిస్తేనే బాగా అర్థమవుతుంది. 1972లో బ్రాన్స్‌ఫర్డ్, జాన్సన్ అనే పరిశోధకులు బట్టలుతకడం గురించి, ఆ మాట ఎక్కడా రాకుండా ఒక పేరా వినిపించారు. దేని గురించో ముందే తెలిసినవాళ్లకు అర్థమైంది, విన్నాక చెబితే ఉపయోగపడలేదు.

సిలబస్ అవదంటారా? పోయేది అయిదు నిమిషాలే.

ఆ అమ్మాయి టీచింగ్ ప్రాక్టీస్‌కి వెళ్లిన వారానికి ఒక నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టింది. 41 - 17 = 36. "మేడమ్, వీడిదీ అదే రూలు."