వర్క్‌షాపు లైటింగ్: అపోహలు - వాస్తవాలు (వాట్లు పెంచితే నీడ పోదు)

కారు షెడ్డుని వర్క్‌షాపుగా మార్చుకున్నవాళ్లు మా గోదావరి జిల్లాల్లో నాకు తెలిసే బోలెడు మంది ఉన్నారు. రిటైరయ్యాక చెక్కపని మొదలుపెట్టినవాళ్లు, ఇంటి దగ్గరే మోటార్లు రీవైండింగ్ చేసేవాళ్లు, సొంత బైకు సొంతంగా విప్పుకునే కుర్రాళ్లు. వైరింగ్ పని మీద ఎక్కడికి వెళ్లినా ఒకటే మాట వింటాను. "లైటు చాలట్లేదండీ, ఇంకా పెద్దది వేసెయ్యండి." తల పైకెత్తి చూస్తే రేకు కింద నడిమధ్యన ఒక ఫోకస్ లైటు. మొదట యాభై వాట్లది వేసి ఉంటారు. అది చాలక వంద వేస్తారు. అదీ చాలక రెండు వందల వాట్లది కొని డబ్బా చేతిలో పెట్టుకుని నా కోసం ఎదురుచూస్తుంటారు. డబ్బులు పోతాయి, కళ్లు మండుతాయి, గీత మాత్రం కనపడదు. అందుకే ఈ ఒక్క అపోహ గురించి తీరిగ్గా చెబుతాను. మిగతావి తర్వాత గబగబా చూద్దాం.

అపోహ: పెద్ద లైటు ఒకటి మధ్యలో వేస్తే షెడ్డంతా సరిపోతుంది

సరిపోదు. ఎన్ని వాట్లు వేసినా సరిపోదు.

మీరు పని చేసేది షెడ్డు మధ్యలో కాదు, గోడవార ఉన్న బెంచీ దగ్గర. గోడ వైపు తిరిగి నిలబడతారు. అప్పుడు లైటు మీ వీపు వెనక ఉంటుంది. మీ తల నీడ, భుజాల నీడ సరిగ్గా మీరు మూలమట్టం పెట్టి గీత గీసే చోటే పడతాయి. వాట్లు పెంచితే ఆ నీడ పోదు. చుట్టూ వెలుతురు పెరుగుతుంది కాబట్టి నీడ ఇంకా నల్లగా కనబడుతుంది. ఉలి పెట్టే చోటు చీకటి, పక్కన ఉన్న స్టీలు స్కేలు మీద కళ్లు చెదిరే మెరుపు. ఈ రెండింటి మధ్య కన్ను సర్దుకోలేక అలిసిపోతుంది. దాన్నే మనవాళ్లు "లైటు చాలట్లేదు" అంటారు.

ఇంకో సంగతి. ఫోకస్ లైటు నుంచి దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతుకి పడిపోతుంది. లైటు నుంచి కింద బెంచీ ఎత్తు వరకు ఏడడుగులు ఉందనుకోండి. షెడ్డు మూలకి పద్నాలుగు అడుగులు వస్తుంది. అంటే మూలకి చేరేది నాలుగో వంతు, అది కూడా ఏటవాలుగా పడుతుంది కాబట్టి ఇంకా తక్కువ. డ్రిల్ మెషినూ, వైసూ ఉండేది ఆ మూలే.

ఇప్పుడు లెక్క చూడండి. వంద వాట్ల ఎల్ఈడీ ఫోకస్ లైటు ఇచ్చేది సుమారు పది వేల ల్యూమెన్లు (లైటు నుంచి బయటికొచ్చే మొత్తం వెలుతురుకి కొలత). ఇరవై వాట్ల నాలుగడుగుల ఎల్ఈడీ బ్యాటెన్ (ట్యూబ్‌లైటు లాంటి పొడవాటి లైటు) ఒక్కొక్కటి సుమారు రెండు వేలు. అంటే ఐదు బ్యాటెన్లు కలిపి అదే పది వేలు, అదే వంద వాట్లు, అదే కరెంటు బిల్లు. ఒక చోట పోగుపడిన వెలుతురుని ఐదు చోట్ల పరిచాం, అంతే తేడా. ఒక బ్యాటెన్‌కి మీ తల అడ్డొస్తే మిగతా నాలుగూ ఆ నీడని నింపుతాయి.

షెడ్డుకి ఎన్ని కావాలి? పది అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు అంటే 18.6 చదరపు మీటర్లు. మామూలు బెంచీ పనికి 300 లక్స్ కావాలి, అంటే ప్రతి చదరపు మీటరు మీద 300 ల్యూమెన్లు పడాలి. సన్న పనికి 500, ఆ పైన. 300ని 18.6తో గుణిస్తే 5,580 ల్యూమెన్లు. అక్కడితో ఆగిపోకండి. గోడలూ కప్పూ మింగేది, దుమ్ము పట్టి తగ్గేది పోగా లైటు నుంచి వచ్చినదాంట్లో సగం కంటే తక్కువే బెంచీకి చేరుతుంది. కాబట్టి లైట్ల దగ్గర పన్నెండు వేల ల్యూమెన్లు ఉండాలి. అంటే ఆరు బ్యాటెన్లు. లోపలి గోడలకి సున్నమో తెల్ల పెయింటో, రేకు అడుగున తెల్ల పెయింటో వేయించండి. ఈ ఒక్క పని చేస్తే అవే లైట్లతో తేడా మీకే తెలుస్తుంది. మసిబారిన రేకు కింద ఎన్ని లైట్లు వేసినా వెలుతురు పైకెళ్లి తిరిగి రాదు.

ఆ ఆరింటినీ రెండు వరసలుగా, వరసకి మూడు చొప్పున, పొడవాటి గోడలకి సమాంతరంగా వేస్తాను. బెంచీ ఉన్న వైపు వరస మాత్రం గోడ నుంచి కొలిచి కొడతాను. బెంచీ రెండడుగుల వెడల్పు ఉంటే బ్యాటెన్ దాని ముందు అంచుకి సరిగ్గా పైనో, ఇంకాస్త గోడ వైపుకో రావాలి. మీరు వంగినప్పుడు లైటు మీ తలకి ముందుండాలి, వెనక ఉండకూడదు. మేస్త్రీలు "సెంటరు కుదరాలి సార్" అని గది మధ్యకి జరుపుతామంటారు. ఒప్పుకోకండి. అందం హాల్లో చూసుకోవచ్చు.

టేబుల్ సా, లేత్ లాంటివి రెండు వరసల మధ్యకి వస్తే మంచిది. రెండు పక్కల నుంచీ వెలుతురు పడి బ్లేడు దగ్గర నీడ తేలిపోతుంది. కుడిచేతి వాటం అయితే ఎడమ పక్క నుంచి ఒక చిన్న వంగే ల్యాంపు పెట్టుకోండి. అప్పుడు పెన్సిలు పట్టుకున్న చేతి నీడ గీత మీద పడదు. వరసకో స్విచ్ పెట్టించుకోండి.

మీ షెడ్డులో ఇప్పుడున్న లైటు ఎలా ఉందో ఈ రాత్రే చూసుకోవచ్చు. బెంచీ మీద తెల్ల కాగితం పరిచి, మీరు రోజూ నిలబడే చోటే నిలబడి, పెన్సిలుని కాగితానికి నాలుగు వేళ్ల ఎత్తులో అడ్డంగా పట్టుకోండి. నల్లగా, అంచులు పదునుగా ఒకే నీడ కనబడితే లైటు ఉన్న చోటు తప్పు. పలచటి నీడలు రెండు మూడు, అంచులు చెదిరి కనబడితే ఆ బెంచీ బాగున్నట్టే. ఎక్కువ వెలుతురు ఎక్కడ, తక్కువ ఎక్కడ అని పోల్చుకోడానికి ఫోన్‌లో లక్స్ యాప్ కూడా పనికొస్తుంది. అది చూపించే అంకెని మాత్రం నమ్మకండి.

ఇదంతా ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, దీనివల్ల భయపడే వాళ్లని చూశాను. రాజమండ్రి దగ్గర ఒక లెక్కల మాస్టారు, రిటైరయ్యాక పిల్లలకి చిన్న చిన్న కుర్చీలూ పీటలూ చేసేవారు. ఒకరోజు ఫోన్ చేసి, "బాబూ, ఈ షెడ్డులో వైరింగ్ తీసేసి మళ్లీ కారుకి వదిలేద్దామనుకుంటున్నానయ్యా" అన్నారు. వెళ్లి అడిగితే అసలు సంగతి బయటపడింది. కొలతలు తప్పుతున్నాయి, కళ్లు పోతున్నాయని ఆయన టెన్షన్. అద్దాలు రెండుసార్లు మార్చారు. డాక్టరు గారు అంతా బాగానే ఉందన్నారట, ఈయనకి నమ్మకం కుదరలేదు. నేను బండిలో ఉన్న బ్యాటెన్‌కి ప్లగ్గు తగిలించి, బెంచీ ముందంచు పైన రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాను. "మాస్టారూ, స్కేలు చూడండి" అన్నాను. ఆయన వంగి చూసి, అర మిల్లీమీటరు గీతల్ని గోటితో ఒక్కొక్కటీ లెక్కపెట్టారు. తల ఎత్తకుండానే, "దీన్ని ఇక్కడే కొట్టెయ్" అన్నారు.

వయసు సంగతి కూడా నిజమే. ఇరవై ఏళ్ల కంటితో పోలిస్తే అరవై ఏళ్ల కంట్లో రెటీనాకి చేరే వెలుతురు దాదాపు మూడో వంతే. కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లు పని చేసే బెంచీకి 500 లక్స్ కంటే ఎక్కువే ఇవ్వండి, కానీ బల్బు నేరుగా కంట్లో పడకుండా ఇవ్వండి. చూపు ఉన్నట్టుండి మసకబారితే మాత్రం నాకు కాదు, కంటి డాక్టరుకి ఫోన్ చెయ్యండి.

అపోహ: లైటు వెలుగుతోందంటే చాలు, ఏ కంపెనీదైనా ఒకటే

తిరిగే మెషిన్లు ఉన్న చోట ఇది ప్రమాదం. మన కరెంటు 50 హెర్ట్జ్. పాత రాగి చోక్ ట్యూబ్‌లైటుగానీ, డ్రైవర్ (కరెంటుని ఎల్ఈడీకి తగ్గట్టు మార్చే లోపలి సర్క్యూట్) సరిగా లేని చవక ఎల్ఈడీగానీ సెకనుకి వంద సార్లు వెలిగి తగ్గుతుంది. మీ మోటారు 1440 ఆర్‌పీఎం అనుకోండి, అంటే సెకనుకి 24 చుట్లు. దాని పుల్లీకి నాలుగు ఆకులుంటే సెకనుకి 96 ఆకులు ఒక చోటుని దాటతాయి. లైటు కొట్టుకునేది వంద సార్లు. ఈ రెండూ దగ్గర దగ్గరగా ఉండటం వల్ల ఆ పుల్లీ సెకనుకి ఒక్క చుట్టు చొప్పున, అదీ వెనక్కి, మెల్లగా తిరుగుతున్నట్టు కనబడుతుంది. 1500 ఆర్‌పీఎం దగ్గరైతే పూర్తిగా ఆగినట్టే ఉంటుంది. పక్కన గ్రైండర్ మోతలో ఈ మోటారు శబ్దం వినపడకపోతే, ఆగిందనుకుని చెయ్యి పెట్టేవాళ్లున్నారు.

ఫోన్ కెమెరాని స్లో మోషన్‌లో పెట్టి లైటు వైపు చూడండి. వెలుతురు దడదడ కొట్టుకుంటుంటే ఆ లైటు మెషిన్ల దగ్గర వద్దు. మంచి డ్రైవర్ ఉన్నదైతే నిలకడగా కనబడుతుంది. యాభై రూపాయలు మిగుల్చుకోడానికి వేళ్లతో పందెం కాయకండి.

అపోహ: నీడ అసలు లేకపోతేనే మంచి లైటింగ్

ఇంతసేపూ నీడ పోగొట్టమన్నాను కాబట్టి ఇది కూడా చెప్పాలి. కొలతకీ కోతకీ నీడ వద్దు. చిత్రిక పట్టాక, ఇసక కాగితం రుద్దాక, పుట్టీ పెట్టాక మాత్రం నీడ కావాలి. నాకు తెలిసిన కార్పెంటర్ ఒకాయన టేకు టీపాయ్‌కి షెడ్డులోనే పాలిష్ పూర్తి చేసి పంపాడు. షెడ్డులో నున్నగా ఉంది. కొన్నవాళ్ల ఇంట్లో కిటికీ పక్కన పెట్టగానే అడ్డ గీతలన్నీ తేలాయి. మొత్తం గోకి మళ్లీ చేశాడు. అన్ని వైపుల నుంచీ వెలుతురు పడితే గీతల నీడలు ఒకదాన్ని ఒకటి చెరిపేసుకుంటాయి. అందుకే పాలిష్‌కి ముందు పై లైట్లు ఆపేసి, ఒక చేతి లైటుని చెక్క మీద దాదాపు పడుకోబెట్టినట్టు పక్క నుంచి వెయ్యండి. ప్రతి గీతా, ప్రతి గుంటా బయటపడుతుంది.

మిగతావి చకచకా

తెల్ల లైటు ఎక్కువ వెలుగు, పసుపు లైటు తక్కువ వెలుగు అంటారు. డబ్బా మీద ల్యూమెన్లు ఒకటే ఉంటే వెలుతురూ ఒకటే. కెల్విన్ అనేది లైటు రంగుకి కొలత, అంకె తక్కువైతే పసుపు, ఎక్కువైతే తెలుపు. నేను 4000 కెల్విన్ వేస్తాను, 6500 ఇష్టమైతే అదే వేసుకోండి. రంగులు కలిపేవాళ్లూ, చెక్కకి స్టెయిన్ వేసేవాళ్లూ కెల్విన్ కంటే సీఆర్ఐ (ఆ లైటు కింద రంగులు ఎంత సహజంగా కనబడతాయో చెప్పే అంకె) చూడాలి. వాళ్లకి 90 ఉండాలి. మిగతా పనులకి 80 చాలు.

"ఆరు లైట్లా, బిల్లు పేలిపోతుంది!" ఆరు బ్యాటెన్లూ కలిపి 120 వాట్లు. రోజూ ఐదు గంటలు వెలిగితే నెలకి 18 యూనిట్లు. పాత 500 వాట్ల హాలోజన్ రెండు గంటలకే ఒక యూనిట్ తినేస్తుంది. పైగా దాని గాజు మీద రంపం పొట్టు పడితే అంటుకోవచ్చు. చెక్కపని ఉన్న షెడ్డులో హాలోజన్ ఉంటే ఇవాళే తీసెయ్యండి.

ఎల్ఈడీ వెలుతురుకి కళ్లు పోతాయని ఫోన్లలో తిరిగే మెసేజులు చూసి కొందరు నిజంగానే భయపడుతున్నారు. ఇంటి ఎల్ఈడీ మామూలు వాడకంలో రెటీనాని దెబ్బతీస్తుందనడానికి ఆధారం లేదు. నేరుగా బల్బులోకి చూడకండి, అంతే. కంటికి నిజంగా ప్రమాదం వెల్డింగ్ ఆర్క్. ఒక్క చిన్న అతుకే కదా అని నల్ల అద్దం లేకుండా చూస్తే రాత్రికి కళ్లలో ఇసక పోసినట్టు ఉంటుంది.

ఎల్ఈడీ పదేళ్లు వస్తుందని డబ్బా మీద రాస్తారు. రేకుకి ఆనించి కొడితే రాదు. మే నెలలో రేకు కింద వేడికి ముందు చచ్చిపోయేది ఎల్ఈడీ చుక్క కాదు, డ్రైవర్‌లో కెపాసిటర్. వేడి ప్రతి పది డిగ్రీలు పెరిగేకొద్దీ దాని ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. రేకుకి జానెడు కిందికి గొలుసుతో దించండి. నెలకోసారి మెయిన్ ఆపి పొడి గుడ్డతో తుడవండి.

లైట్లూ ప్లగ్గులూ ఒకే ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్) మీద ఉంటే ఏమవుతుందని అడుగుతారు. గ్రైండర్ మీద లోడు ఎక్కువై ఎంసీబీ పడిపోతే షెడ్డు చీకటవుతుంది, మీ చేతిలో డిస్కు ఇంకా తిరుగుతూనే ఉంటుంది. లైట్లకి వేరే 6 ఆంపియర్ల ఎంసీబీ, విడిగా 1.5 స్క్వేర్ ఎంఎం వైరు. ప్లగ్గులకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్) తప్పనిసరి.

చివరిది, స్ప్రే పాలిష్ చేసేవాళ్లకి. దుమ్ము పడని మూత లైటు వేశాం కాబట్టి థిన్నర్‌కి కూడా భయం లేదనుకుంటారు. ఐపీ65 అనేది దుమ్ముకీ నీళ్లకీ సంబంధించిన అంకె, మండే ఆవిరికి కాదు. థిన్నర్ ఆవిరి నిండిన షెడ్డులో మామూలు స్విచ్ నొక్కినప్పుడు వచ్చే చిన్న నిప్పురవ్వ చాలు. స్ప్రే పని ఆరుబయట, గాలి ఆడే చోట చేసుకోండి. లోపల చేయక తప్పదంటే ఫ్లేమ్‌ప్రూఫ్ ఫిట్టింగులు (లోపలి నిప్పు బయటి ఆవిరికి అంటకుండా ఆపేవి) కావాలి. వాటి పని తెలిసినవాళ్లతోనే చేయించుకోండి, మామూలు ఇంటి వైరింగ్ చేసేవాళ్లకి అప్పగించకండి.