పాస్‌వర్డ్ ఒకరిది, మెయిల్ రాసింది ఎవరు? క్యాంపస్ లాగిన్ గొడవ వెనక కథ

శ్రీకాకుళం జిల్లాలోని ఒక క్యాంపస్‌లో లాగిన్ గొడవ మళ్లీ రాజుకుంది. ఒక విద్యార్థి కాలేజీ ఐడీ నుంచి అధ్యాపకురాలికి అసభ్యకరమైన మెయిల్ వెళ్లింది. ఐడీ తనదే గానీ మెయిల్ తాను పంపలేదని, పాస్‌వర్డ్ గదిలో నలుగురికీ తెలుసని ఆ కుర్రాడు చెబుతున్నాడు. ఐడీ ఎవరిదైతే బాధ్యత వారిదే, హామీపత్రం మీద సంతకం పెట్టాడు కదా అంటోంది యాజమాన్యం. అతన్ని సస్పెండ్ చేసింది.

ఒకప్పుడు ల్యాబ్ రిజిస్టర్‌లో సంతకం పెట్టి గంటసేపు కంప్యూటర్ వాడుకున్న రోజులు ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. అసలు మలుపు 2020 మార్చిలో వచ్చింది. లాక్‌డౌన్‌తో క్లాసులు ఫోన్‌లోకి మారాయి. చాలాచోట్ల ఉన్నపళంగా అందరికీ మెయిల్ ఐడీలు పంచారు. రోల్ నంబరే ఐడీ, పుట్టిన తేదీయే పాస్‌వర్డ్. సిగ్నల్ అందని ఊళ్లలో చిక్కుకున్న పిల్లలు "నా ఐడీతో నువ్వే హాజరు వేసెయ్" అని స్నేహితులను బతిమాలుకున్నారు. అసైన్‌మెంట్లూ అలాగే వెళ్లాయి. అప్పుడు దాన్ని తప్పన్నవాళ్లు లేరు.

ఈ అలవాటుకు పునాది అంతకుముందే పడింది. ఇంటర్ పాసై కౌన్సెలింగ్‌కు వెళ్లే పిల్లలకు మెయిల్ తెరిచిపెట్టింది నెట్ సెంటర్ అబ్బాయి. పాస్‌వర్డ్ కూడా అతనే పెట్టి, దరఖాస్తు జెరాక్స్ వెనక పెన్నుతో రాసిచ్చేవాడు. ఇంట్లో మొదటిసారి డిగ్రీ గడప తొక్కిన పిల్లలకు పాస్‌వర్డ్ దాచుకోవాలని చెప్పిందెవరు? అడ్మిషన్ రోజున పది కాగితాల మధ్య ఇంగ్లిష్‌లో ఉన్న హామీపత్రం ఆ పని చేయలేదు.

2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశాలు వచ్చాయి. సంస్థలు తమ కంప్యూటర్ వ్యవస్థల లాగ్‌లను, అంటే ఎప్పుడు ఏం జరిగిందో నమోదయ్యే రికార్డులను, 180 రోజులు భద్రపరచాలి. సాధారణంగా క్యాంపస్‌లో వందల ఫోన్లున్నా బయటి ప్రపంచానికి కనిపించేవి ఒకటో రెండో ఐపీ అడ్రసులే (ఇంటర్నెట్‌లో చిరునామాలా పనిచేసే నంబర్లు). లోపల ఎవరన్నది తేల్చేది ఈ లాగ్‌లే. యాజమాన్యం ధీమా కూడా వాటి మీదే. కానీ లాగ్ చెప్పేది ఏ ఐడీ, ఏ సమయం అన్నదే. ఫోన్ ఎవరి చేతిలో ఉందో చెప్పదు. పైగా ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు తమ అసలు మ్యాక్ అడ్రస్ (వైఫైలో ఫోన్‌ను గుర్తించే నంబరు) దాచి, వైఫైకి మరో నంబరు చూపిస్తున్నాయి. ఫోన్‌ను పట్టుకోవడమూ అంత తేలిక కాదు.

ఐటీ చట్టం సెక్షన్ 66సి ప్రకారం, మోసపూరితంగా ఇంకొకరి పాస్‌వర్డ్ వాడినవారికి 3 ఏళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. ఆ సెక్షన్ వెతికేది వాడినవాణ్ణి. హామీపత్రం పట్టుకున్నది ఐడీ ఇచ్చినవాణ్ణి. పాస్‌వర్డ్ పంచుకోవడం తప్పే, దానికి తగిన శిక్ష వేయొచ్చు. కానీ ఆ అధ్యాపకురాలు పడ్డ క్షోభకు న్యాయం జరగాలంటే మెయిల్ రాసినవాడు దొరకాలి. ఇప్పుడు ఫైలు మూసేస్తే వాడు రేపు కూడా ఆమె క్లాసులోనే కూర్చోవచ్చు.

విద్యార్థులు అడుగుతున్నవి పెద్ద కోరికలేమీ కావు: తెలుగులో హామీపత్రం, మొదటి లాగిన్‌లోనే పాస్‌వర్డ్ మార్పు, ఓటీపీ. మెయిల్ వెళ్లి నాలుగు నెలలు దాటింది. లాగ్‌లు దాచాల్సిన 180 రోజుల్లో ఇక మిగిలింది రెండు నెలల లోపే. లాగ్‌ల కాపీ పోలీసులకు ఇచ్చారో లేదో యాజమాన్యం ఇంకా చెప్పలేదు.