రిపోర్టులో ఫెయిల్ లేదంటే పాసైనట్టేనా? ఆటోమేటెడ్ టెస్ట్ ఫలితాలపై అపోహలు - వాస్తవాలు

లినక్స్, విండోస్, మ్యాక్ మూడింటి మీదా టెస్టులు నడిపి ఫలితాలు ఒకచోట చేర్చేవాళ్లకు రిలీజు తర్వాత ఎదురయ్యే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "రిపోర్టులో ఒక్క ఫెయిల్ కూడా లేదు, మరి విండోస్‌లో ఎందుకు పడిపోతోంది?"

అపోహ: ఫెయిల్స్ సున్నా అంటే అన్నీ పాస్.

కాదు. ఫెయిల్ అయిందన్న కబురు మీదాకా రాలేదు, అంతే. అసలు నడవని టెస్టు ఎప్పటికీ ఫెయిల్ కాదు. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే.

టెస్టులు ఎలా మాయమవుతాయో చూడండి. పైథాన్ టెస్టులు నడిపే పైటెస్ట్, ఫలితాలుండే జేయూనిట్ ఎక్స్‌ఎంఎల్ ఫైలును రన్ అంతా ముగిశాకే రాస్తుంది. మధ్యలో సి భాషలో రాసిన ఏ ఎక్స్‌టెన్షనో సెగ్‌ఫాల్ట్ (తనది కాని మెమరీని ముట్టుకుని క్రాష్) అయిందంటే ప్రాసెస్ అక్కడే పోతుంది, ఫైలు పుట్టనే పుట్టదు. లినక్స్ షెల్‌లో ఎగ్జిట్ కోడ్ (ప్రోగ్రామ్ ముగిసేటప్పుడు ఇచ్చే సంఖ్య, 0 అంటే అంతా సవ్యం) 139 కనిపిస్తే అదే సంగతి: 128కి సెగ్‌ఫాల్ట్ సిగ్నల్ 11 కలిసింది. 137 అయితే సిగ్నల్ 9, అంటే ప్రాసెస్‌ను బలవంతంగా ఆపేశారు, చాలాసార్లు మెమరీ చాలకపోవడమే కారణం. ఫలితాలు ఒకచోట చేర్చే కలెక్టర్ మాత్రం మిగతా రెండు ప్లాట్‌ఫామ్‌ల ఫైళ్లు కలిపి గ్రీన్ చూపిస్తుంది. వర్క్‌స్పేస్ శుభ్రం చేయకపోతే ఇంకా ప్రమాదం, నిన్నటి ఫైలు ఇవాళ్టి ఫలితంగా చెలామణీ అవుతుంది.

ఎగ్జిట్ కోడ్ ఉందిగా అంటారు. లాగ్ దాచుకోవడానికి అవుట్‌పుట్‌ను, తెరమీద చూపిస్తూనే ఫైల్లోకీ రాసే టీ (tee) కమాండ్‌కు పైప్ చేస్తే బాష్ షెల్ ఇచ్చేది టీ ఎగ్జిట్ కోడు, అంటే 0. బాష్‌లో పైప్‌ఫెయిల్ (pipefail) సెట్టింగు ఆన్ చేస్తేనే టెస్టుల ఫెయిల్యూర్ బయటపడుతుంది. ఫిల్టర్ తప్పు రాసి ఒక్క టెస్టూ దొరకకపోతే పైటెస్ట్ 5 ఇస్తుంది. సీమేక్‌తో వచ్చే టెస్ట్ టూలు సీటెస్ట్‌ను కమాండ్ లైన్ నుంచి నడిపితే, టెస్టులు లేవని ఒక లైను రాసి మామూలుగా 0 ఇచ్చేస్తుంది. నో-టెస్ట్స్ ఆప్షన్‌ను ఎర్రర్‌గా పెట్టడం మరవకండి.

దీనికి మందు లెక్క సరిచూసుకోవడమే. ఏ ప్లాట్‌ఫామ్ నుంచి ఎన్ని ఫైళ్లు రావాలో రన్‌కు ముందే జాబితా ఉండాలి, రాని ఫైలు ఫెయిల్ కింద లెక్క. మొదలుపెట్టే ముందు పాత ఫలితాలు తుడిచేయాలి. ఫైలు పేరులో ఓఎస్, ఆర్కిటెక్చర్, షార్డ్ (టెస్టులను పంచిన భాగం) నంబరు, కమిట్ (కోడ్ వెర్షన్ గుర్తు) ఉండాలి. లేదంటే నాలుగు షార్డులు ఒకే పేరుతో రాసి, చివరిదొక్కటే మిగులుతుంది. తర్వాత ప్లాట్‌ఫామ్ వారీగా మొత్తం టెస్టుల సంఖ్యను గత రన్‌తో పోల్చండి. 1,200 ఉండాల్సిన చోట 1,140 వస్తే, ఆ 60 ఏమయ్యాయో తేలేదాకా రిలీజు ఆగాల్సిందే. టెస్టు ఫలితాలను లైన్లుగా రాసే ట్యాప్ (TAP) ఫార్మాట్‌లో సాధారణంగా మొదట్లోనే 1..40 అని ప్లాన్ ప్రకటించేది ఇందుకే: 32 దగ్గర ఆగిపోతే లోటు తెలిసిపోతుంది.

అపోహ: జేయూనిట్ ఎక్స్‌ఎంఎల్ అంతటా ఒకటే.

దానికి అధికారిక స్పెక్ లేదు, ఒక్కో టూల్ ఒక్కోలా రాస్తుంది. ఇంకో చిక్కు, టెర్మినల్ రంగుల కోసం వచ్చే ఎస్కేప్ క్యారెక్టర్ ఎక్స్‌ఎంఎల్ 1.0లో చెల్లదు. ఒక్కటి దూరినా పార్సర్ (ఫైలును చదివే ప్రోగ్రామ్) ఫైలు మొత్తాన్నీ తిప్పికొడుతుంది. రాసేముందే వడకట్టండి.

అపోహ: స్కిప్ (టెస్టును నడపకుండా వదిలేయడం) వల్ల నష్టమేమీ లేదు.

ఒక ప్లాట్‌ఫామ్‌లో అయితే సరే, కారణం రాసి ఉంటే చాలు. మూడింటిలోనూ స్కిప్ అయ్యే టెస్టు లేనట్టే. టెస్టులు అడ్డంగా, ప్లాట్‌ఫామ్‌లు నిలువుగా పట్టిక వేస్తే ఇవి వెంటనే దొరుకుతాయి.

అపోహ: రీరన్‌లో పాసైతే పాసే.

రెండు ప్రయత్నాలూ రికార్డు కావాలి. జావా టెస్టులు నడిపే మావెన్ ష్యూర్‌ఫైర్ ఇలాంటివాటిని ఫ్లేకీ (ఓసారి ఫెయిల్, ఓసారి పాస్ అయ్యేవి) అని విడిగా చూపిస్తుంది.

అపోహ: విండోస్‌లో వందల రెడ్‌లు వస్తే కోడంతా తిరగరాయాలి.

కొత్తగా విండోస్ జోడించినవాళ్లు దీన్ని చూసి బెంబేలెత్తిపోతారు. అంత కంగారు అక్కర్లేదు. ఎర్రర్ మెసేజీ మొదటి లైను బట్టి ఫెయిల్స్‌ను గుంపులు చేయండి. లైన్ ఎండింగ్‌లు, పాత్‌లో బ్యాక్‌స్లాష్, 260 అక్షరాల పాత్ పరిమితి, తెరిచి ఉన్న ఫైలును డిలీట్ చేయబోవడం: ముందు ఈ నాలుగూ చూడండి. అన్నిటికంటే పెద్ద గుంపులో ఒక్క టెస్టు పట్టుకుని సరిచేసి, మళ్లీ నడిపి ఎన్ని తగ్గాయో చూసుకోండి.