ఇంగ్లండ్‌కి కొత్తగా వచ్చినవాళ్ళకి: ఎన్‌హెచ్‌ఎస్ మీద అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్‌లో ప్రభుత్వ వైద్య వ్యవస్థ అయిన ఎన్‌హెచ్‌ఎస్‌లో జీపీగా పనిచేస్తున్నాను. ఏ జబ్బుకైనా ఇక్కడ ముందు చూసే డాక్టరు జీపీయే. కొత్తగా వచ్చిన మనవాళ్ళు నా గదిలోకి అడుగుపెట్టేసరికే వాట్సాప్ గ్రూపుల్లో చాలా వినేసి ఉంటారు. అందులో సగం నిజం, సగం ఊహ. స్కాట్లాండ్, వేల్స్ పద్ధతులు కొంత వేరు, అవి ఇక్కడ కలపడం లేదు.

అపోహ: ఒంట్లో బాగాలేనప్పుడు చూసుకుందాం, ఇప్పుడే జీపీ దగ్గర పేరు రాయించుకోవడం ఎందుకు?

వచ్చిన వారంలోనే రాయించుకోండి. జ్వరంతో మూలుగుతూ ఫారాలు నింపడం ఎవరివల్లా కాదు. నమోదుకి పైసా అక్కర్లేదు. అడ్రసు రుజువు, పాస్‌పోర్టు అడిగితే అడగవచ్చు గానీ, అవి లేవని వెనక్కి పంపకూడదు. స్నేహితుల గదిలో సర్దుకుంటున్న విద్యార్థులు అద్దె ఒప్పందం లేదని ఇక్కడే ఆగిపోతుంటారు.

అపోహ: వీసాతోపాటు హెల్త్ సర్‌చార్జి కట్టేశాం, ఇక అన్నీ ఉచితమే.

2024 ఫిబ్రవరి నుంచి ఈ సర్‌చార్జి పెద్దవాళ్ళకి ఏడాదికి 1,035 పౌండ్లు, విద్యార్థులకీ 18 ఏళ్ళలోపు పిల్లలకీ 776. అది కట్టినవాళ్ళకి జీపీ, ఆస్పత్రి, ఆపరేషన్, కాన్పు అన్నీ అందులోనే. పళ్ళ వైద్యం, కంటి పరీక్షలు, ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ పద్ధతి) మాత్రం అందులో రావు. మందుల చీటీ మీద రాసిన ఒక్కో మందుకీ డబ్బు కట్టాలి. 2024 మేలో ఆ రుసుము 9.90 పౌండ్లయింది.

చాలామందికి తెలియక నష్టపోతున్న సంగతి ఇంకొకటుంది. షుగరుకి మందులు వాడేవాళ్ళు, థైరాయిడ్ తక్కువై రోజూ మాత్ర వేసుకునేవాళ్ళు ఏ మందుకీ డబ్బు కట్టక్కర్లేదు. జీపీ ఆఫీసులో ఎఫ్‌పీ92ఏ అనే ఫారం అడిగి సర్టిఫికెట్ తెప్పించుకోవాలి. గర్భిణులకి, ప్రసవం తర్వాత ఏడాది వరకు వేరే సర్టిఫికెట్ ఉంది. ఒక్క బీపీకే మందులు వాడితే ఈ మినహాయింపు లేదు. ఎందుకని నన్నడిగితే నా దగ్గరా జవాబు లేదు.

చుట్టపుచూపుగా వచ్చే అమ్మానాన్నల విషయం పూర్తిగా వేరు. వాళ్ళు సర్‌చార్జి కట్టలేదు. జీపీని కలవడం, ఏ అండ్ ఈలో (ఆస్పత్రి అత్యవసర విభాగంలో) చూపించుకోవడం ఉచితమే. వార్డులో చేర్చుకున్న క్షణం నుంచి బిల్లు మొదలు, అదీ ఎన్‌హెచ్‌ఎస్ ధరకి ఒకటిన్నర రెట్లు. గుండె, షుగరు సమస్యలు దాచకుండా రాసి ప్రయాణ బీమా తీసుకున్నాకే టికెట్ కొనండి.

అపోహ: రిసెప్షనిస్టుకి జబ్బు సంగతి చెప్పక్కర్లేదు.

రిసెప్షనిస్టు జబ్బు గురించి అడగడం మనవాళ్ళకి అవమానంగా తోస్తుంది. "డాక్టరుతోనే మాట్లాడతాను" అని పట్టుబడతారు. ఎవరిని ఈరోజే చూడాలి, ఎవరిని నర్సు దగ్గరికి పంపాలి, ఎవరికి ఫార్మసీ చాలు అన్నది తేల్చడానికే వాళ్ళు అడుగుతారు. గోప్యత నియమం డాక్టరుకెంతో వాళ్ళకీ అంతే. "కొంచెం నలతగా ఉంది" అంటే రెండు వారాల తర్వాత అపాయింట్‌మెంట్ వస్తుంది. "నిన్నటి నుంచి ఛాతీలో నొప్పి" అంటే మీ ఫోను వెళ్ళే దారే మారిపోతుంది. మొహమాటం వద్దు.

అపోహ: ఏ అండ్ ఈకి వెళ్తే పని త్వరగా అవుతుంది.

అక్కడ ముందొచ్చినవాళ్ళకి ముందు అన్న లెక్క లేదు, ప్రాణానికి ముప్పున్నవాళ్ళే ముందు. దగ్గుతో వెళ్తే గంటలు కూర్చోవాల్సిందే. ప్రాణాపాయమైతే 999కి, ఎటు పోవాలో తెలియకపోతే 111కి ఫోన్ చేయండి. 2024 జనవరి నుంచి గొంతునొప్పి, చెవిపోటు, సైనస్, ఆడవాళ్ళ మూత్రంలో మంట వంటి ఏడు సమస్యలకి ఫార్మసిస్టే చూసి, వయసు, లక్షణాలు సరిపోతే మందు ఇవ్వగలరు.

అపోహ: జీపీ పారాసిటమాల్ తప్ప ఏమీ రాయడు.

వైరల్ జ్వరానికి యాంటీబయాటిక్ పనిచేయదు, కాబట్టి రాయం. కానీ ఊరికే లేచి వెళ్ళిపోకండి. "ఇది ఎన్నాళ్ళలో తగ్గాలి, ఏం కనిపిస్తే మళ్ళీ రావాలి?" అని అడగండి, జవాబు చెప్పాల్సిన బాధ్యత మాది. స్పెషలిస్టు కోసం నెలల తరబడి ఎదురుచూడాలన్నది మాత్రం అపోహ కాదు, నిజమే. 18 వారాల గడువు ఉంది గానీ చాలాచోట్ల దాటిపోతోంది. క్యాన్సర్ అనుమానం వస్తే వేరే తొందర దారిలో పంపుతాం.

ఇంగ్లీషు రాని అత్తగారికి కొడుకే తర్జుమా చేయాలనేం లేదు. అపాయింట్‌మెంట్ అడిగేటప్పుడే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని చెప్పండి, ఫోన్లోనైనా ఏర్పాటు చేస్తారు, ఉచితం. కొడుకు ముందు ఆవిడ నోరు విప్పని సంగతులు అప్పుడే బయటికొస్తాయి.