ఉప్పు మడిలో దొరికిన వెలుతురు మీట

శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పు మడుల్లో ఎండ ముదిరేకొద్దీ నీరు చిక్కబడుతుంది. చేపలు బతకలేని అంత ఉప్పదనమే కొన్ని సూక్ష్మజీవులకు ఇష్టం. ఎండతో ఉప్పు పండించేచోట, ఏ దేశమైనా సరే, ఆఖరి మడుల నీళ్లు ఎర్రబారితే చాలావరకు వీటివల్లే. వాటిలో ఒకటి హాలోబ్యాక్టీరియం. దాని కణపొరలో ఊదారంగు ప్రోటీన్ ఉందని, మన కంటిచూపుకు ఆధారమైన రెటినాల్ అందులోనూ ఉందని 1971లో ఓస్టర్‌హెల్ట్, స్టోకీనియస్ తేల్చారు. దాని పేరు బ్యాక్టీరియోరొడాప్సిన్.

కణపొర అంటే 5 నానోమీటర్ల మందం ఉండే కొవ్వు పొర. అయాన్లు, అంటే విద్యుదావేశమున్న అణువులు, తమంతట తాము దాన్ని దాటలేవు. ఈ ప్రోటీన్ ఆ పొరను అటూ ఇటూ 7 సార్లు దాటుతూ మడతలు పడి ఉంటుంది. నడుమ రెటినాల్. వెలుగు తగలగానే రెటినాల్ ఒకచోట మెలి తిరుగుతుంది, ప్రోటీన్ ఆకారం మారుతుంది, ఒక ప్రోటాన్, అంటే హైడ్రోజన్ అయాన్, కణం బయటికి పోతుంది.

1974లో స్టోకీనియస్, రాకర్ చేసిన ప్రయోగమంటే నాకు ప్రాణం. సోయా కొవ్వుతో బుడగలు చేశారు. వాటి పొరలో ఈ ఊదా ప్రోటీన్‌నీ, ఎద్దు గుండె నుంచి తీసిన, కణాలకు ఇంధనమైన ఏటీపీని తయారుచేసే ఎంజైమ్‌నీ కూర్చారు. లైటు వేస్తే ఏటీపీ పుట్టింది! పొరకు ఇరుపక్కలా ఉండే ప్రోటాన్ల తేడాయే శక్తినిస్తుందని బ్రిటిష్ శాస్త్రవేత్త పీటర్ మిచెల్ అంటే అప్పటికి చాలామంది నమ్మలేదు. 1978లో ఆయనకు నోబెల్ వచ్చింది.

మరి వెలుతురుతో నడిచే ఇలాంటి ప్రోటీన్‌తో నరకణాలను పనిచేయించొచ్చా? వెలుతురు తగిలిన ప్రతిసారీ ఒక్కొక్క అయానే కదిలితే నరకణాన్ని రేపడం కష్టం. దానికి జవాబు చెరువుల్లో, తడినేలల్లో పెరిగే క్లామిడోమోనాస్ అనే నాచులో దొరికింది. ఈ ఏకకణ జీవి కొరడాల్లాంటి రెండు కశాభాలతో ఈదుతూ వెలుతురు వైపు తిరుగుతుంది. అందులోని చానెల్‌రొడాప్సిన్ అనే ప్రోటీన్ సంగతి 2002, 2003లలో హెగెమన్, నాగెల్, బాంబెర్గ్ బయటపెట్టారు. ఇది చెరువు తూము లాంటిది. వెలుగు పడి తెరుచుకుందంటే మూసుకునేదాకా అయాన్లు వాటంతటవే పారుతుంటాయి.

2005లో బాయ్‌డెన్, డైసెరోత్ బృందం ఆ ప్రోటీన్ తాలూకు జన్యువును వైరస్ ద్వారా ఎలుక నరకణాల్లో పెట్టి నీలికాంతి వేస్తే, మిల్లీసెకన్ల లెక్కన అవి స్పందించాయి. కావలసిన రెటినాల్ ఆ కణాల్లో ముందే ఉండటం పెద్ద అదృష్టం. అది విటమిన్ ఎ రూపమే కదా.

ఇక 2021 నాటి వార్త మన ప్రాంతం వాళ్లకూ పట్టించుకోదగ్గది. కంట్లో కాంతిని పట్టే కణాలు క్రమంగా పోయే రెటినైటిస్ పిగ్మెంటోసా జబ్బుతో చూపు పోయిన 58 ఏళ్ల వ్యక్తికి ఒక కంట్లో, ఇంకో నాచు ప్రోటీన్ తాలూకు జన్యువును ఎక్కించారు. ప్రత్యేకమైన కళ్లద్దాలు పెట్టుకుంటే బల్లమీది వస్తువులను వెతికి తాకగలిగాడు, లెక్కపెట్టగలిగాడు. ముఖాలు పోల్చుకునే చూపు కాదది. అయినా చిన్న విషయం కాదు.

ఈ జబ్బు తరచుగా రేచీకటితో మొదలవుతుంది. మన ప్రాంతంలోలా మేనరికాలు ఎక్కువగా ఉన్నచోట ఇలాంటి వంశపారంపర్య జబ్బులు ఎక్కువ. దీని వెనక పదుల కొద్దీ జన్యువులున్నాయి, ఒక కుటుంబంలో ఒకటి చెడితే ఇంకో కుటుంబంలో మరొకటి. చెడిన జన్యువునే సరిచేయాలంటే ఒక్కోదానికి ఒక్కో మందు కావాలి. ఈ పద్ధతికి ఏది చెడిందో అక్కర్లేదు. కాంతిని పట్టే కణాలు పోయినా, వాటి వెనక మెదడుకు కబురు పంపే గ్యాంగ్లియన్ కణాలు బతికి ఉంటే చాలు, నాచు మీటను వాటిలోనే పెడతారు.