ఇసుక కుప్పలో దొరికిన గుల్ల

చిట్టీ, నానీ,

మేడ మీద గది కోసం దించిన ఇసుకను మేస్త్రీ జల్లెడ పట్టాక, మిగిలిన గులకరాళ్లలో మీకొక గుల్ల దొరికిందని మీ అమ్మ ఫోటో పంపింది. కింద చిట్టి ప్రశ్న: "తాతా, ఒకప్పుడు తిరుపతి దాకా సముద్రం ఉండేదా?" ఫోన్లో చెబితే ఇద్దరూ "ఊఁ, ఊఁ" అంటూనే గేములోకి పోతారు. అందుకని ఈ ఉత్తరం.

ముందు గుల్ల సంగతి. అది సముద్రపుది కాదమ్మా, మంచినీళ్ల నత్తది. మన చెరువు గట్టున బోలెడు దొరుకుతాయి. తిరుపతి సముద్రమట్టానికి దాదాపు 160 మీటర్ల ఎత్తున ఉంది. మనిషి పుట్టాక సముద్రం అంత పైకి ఎప్పుడూ రాలేదు. అయినా నీ ప్రశ్న ఉత్త ప్రశ్న కాదు. మీ ఇసుక వచ్చిన స్వర్ణముఖి ఏరు శ్రీకాళహస్తి, నాయుడుపేట దాటి బంగాళాఖాతంలో కలిసే చోట నిలబడి అడిగితే, పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా కూర్చుని ఆలోచిస్తారు. ఇక్కడ ఒకప్పుడు ఉప్పునీళ్లా, మంచినీళ్లా? అడివా, ఇసుక మేటా? దానికి వాళ్లు చూసేది అడుగున ఉన్న బురదను.

మా అవ్వ దగ్గర ఒక బొంత ఉండేది. ఏటా చిరిగినచోట పైన ఇంకో పాత గుడ్డ పరిచి కుట్టేది. నాకు ఎనిమిదేళ్లప్పుడు ఎలక దాని మూల కొరికేసింది. ఆ బొక్కలో వేలు పెట్టి ఒక్కో పొరా లెక్కపెట్టడం నా పని. పైన గళ్ల చీర, దాని కింద మా తాత పంచె, ఆ కింద గరగరలాడే గోనెగుడ్డ. "ఇదేంది అవ్వా, గోనె?" అంటే, "ఆ ఏడు వానల్లేవురా, ఇంట్లో పాత చీర కూడా లేదు" అంది. ఇంకా కిందికి వెళ్తే పెళ్లినాటి పసుపు చీర పీలిక, వాసన కూడా పోలేదు. అవ్వ చెప్పకపోయినా మా ఇంటి మంచీ చెడూ ఆ బొక్కలో కనిపించేది. దుప్పటి బాగుండగానే ఎందుకు చింపుతున్నావని తన్నులు కూడా తిన్నాననుకోండి.

ఏరు కూడా అలాగే పరుస్తుంది. 2021 నవంబర్ వరద గుర్తుందా? నానీ, నువ్వప్పుడు చంకలో పిల్లాడివి. నీళ్లు తీశాక మీ గచ్చు మీద వేలెడు బురద మిగిలింది. రెండ్రోజుల ఎండకు అది అప్పడంలా బీటలువారి అంచులు పైకి లేచింది. నేనొక పెంకు తీసి విరిచి చూశాను. అడుగున చేతికి గుచ్చుకునే ఇసుక, పైకొచ్చేకొద్దీ సన్నం, చివర మొహానికి రాసుకునే పౌడరంత మెత్తన. నీళ్లకు జోరున్నప్పుడు బరువైన ఇసుకే ముందు కూర్చుంటుంది, జోరు తగ్గి నిలబడ్డాకే సన్న మట్టి దిగుతుంది. ఆ విరిచిన పెంకులో ఒక వరద మొదలు నుంచి చివరి దాకా ఉంది. మీ నాన్న దాన్ని చీపురుతో ఊడ్చేశాడు!

మా చిన్నతనంలో ఎండాకాలం ఏట్లో చెలమ తవ్వేవాళ్లం. రెండడుగులు ముతక ఇసుక, తర్వాత సన్నది, ఆ తర్వాత నల్లటి బంక, కుళ్లిన వాసన. అందులో ఆకుల ఈనెలు చెక్కుచెదరకుండా ఉండేవి. నీళ్లు కదలకుండా మడుగుకట్టిన చోట అడుక్కి గాలి అందదు, గాలి లేకపోతే ఆకు త్వరగా చివకదు. "నలుపు తగిలితే ఆపెయ్, నీళ్లు కంపుకొడతాయి" అనేది అవ్వ. ఆ నలుపు ఒకప్పటి మడుగని ఆమెకూ తెలుసు, నాకే ఆలస్యంగా తెలిసింది.

ఏరు సముద్రంలో కలిసే చోటును మొగ అంటారు. అలాంటి మొగల్లో శాస్త్రజ్ఞులు పొడవాటి గొట్టాన్ని బురదలోకి దించి, తీసి, నిలువుగా రెండుగా చీలుస్తారు. ఎలక కొరికిన మూలే, కాకపోతే మీటర్ల లోతు. ఒక పొరలో ఫొరామినిఫెరా గుల్లలు దొరికాయనుకోండి. ఇసుక రవ్వంత ఉంటాయి, చాలావరకు ఉప్పునీళ్ల జీవులవి. అంటే అప్పుడు సముద్రపు నీళ్లు అక్కడిదాకా వచ్చినట్టు. మడచెట్ల పుప్పొడి దొరికితే మడ అడవి దగ్గర్లోనే ఉన్నట్టు. పుప్పొడి మీది తొడుగు ఎంత గట్టిదంటే బురదలో వేల ఏళ్లు ఉంటుంది. సుమారు 20,000 ఏళ్ల కిందట నీళ్లు మంచుగడ్డలై నేల మీద పేరుకుపోతే సముద్రం ఇప్పటికన్నా 120 మీటర్లకు పైగా కిందికి దిగింది. తీరం దూరం జరిగింది, నదులు నేలను లోతుగా కోసుకున్నాయి. మంచు కరిగి, సుమారు 7,000 ఏళ్ల కిందటికి సముద్రం దాదాపు ఇప్పటి మట్టానికి వచ్చేసరికి ఆ లోతులన్నీ మునిగి, మెల్లగా బురదతో పూడాయి. అందుకే చాలా తీరనదుల మొగల్లో అడుగున ఏటి ఇసుక, దాని మీద ఉప్పునీళ్ల బురద కనిపిస్తాయి.

బొంతతో ఇంకా కొంచెం లాగుతాను, ఓపిక పట్టండి. ఎలక పైపొర పీలికను లోపలికి ఈడ్చుకెళ్లినట్టు పీతలు కొత్త మట్టిని పాతపొరలోకి దించుతాయి. ఒక్కోసారి పెద్ద వరదొచ్చి నాలుగు పొరలు పీక్కుపోతుంది. మరి ఏ పొర ఏనాటిదని అడగడానికి అక్కడ అవ్వ లేదు. ఆకు ముక్కనే అడగాలి. బతికున్న ఆకులో కార్బన్-14 అనే ఒక రకం కార్బన్ రవ్వంత ఉంటుంది. ఆకు రాలినప్పటి నుంచి అది తరుగుతూ 5730 ఏళ్లకు సగమవుతుంది. దీంతో వయసు కట్టవచ్చని 1949లో చూపించిన అమెరికా రసాయన శాస్త్రవేత్త విల్లార్డ్ లిబ్బీకి 1960లో నోబెల్ ఇచ్చారు. ఇంకో పద్ధతిలోనైతే ఇసుక రేణువు ఆఖరిసారి ఎండ చూసి ఎన్నాళ్లయిందో చెప్తారు! దాన్ని వెలుతురు తగలకుండా తీసుకెళ్లి, చీకటి గదిలో ఎర్రదీపం కింద తెరుస్తారు. వేల ఏళ్లు చీకట్లో ఉన్న రేణువు మరి, దాని గురించి ఇంకో ఉత్తరం రాస్తాను.

మీ గుల్లకున్న లోటల్లా ఒక్కటే. అది లారీలో వచ్చింది. ఏ పొరలోదో, దాని పక్కన ఏముందో చెప్పలేం. శ్రీకాళహస్తి గుడి కట్టిన కూలీలు ఈ ఏటి ఇసుకే గుప్పెడు తీసుకుంటే, చేసిన పనికి తగినంత బంగారమయ్యేదని చెప్పుకుంటారు. ఇప్పుడైతే లారీవాడికి అంతా బంగారమే, బొంతను పొరలతో సహా మోసుకుపోతున్నారు. తిడదామంటే మన మేడ గదీ అందులోనే ఉంది.

ఆదివారం వస్తాను. చెలమ తవ్వుదాం, పార నేను తెస్తాను. ఇసుక తోడిన గోతుల వైపు మాత్రం ఒంటరిగా వెళ్లొద్దు, గట్లు విరిగి పడతాయి. చిట్టీ, స్కేలూ నోటుబుక్కూ తెచ్చుకో. గుల్ల కనిపిస్తే వెంటనే లాగేయకండి, నన్ను పిలవండి.

మీ తాత