కుక్క ఉన్నవాళ్లకు ఇల్లు ఇవ్వొచ్చా? కొన్ని అపోహలు, వాస్తవాలు

విశాఖలో ఇళ్లు అద్దెకు కుదర్చడం నా పని. ఎంవీపీ కాలనీ అయినా, మధురవాడ అయినా ఓనర్లు ముందు అడిగేది "ఫ్యామిలీయేనా?" అని. ఆ తర్వాత "కుక్క ఉందా?" అని. ఉందంటే మాట అక్కడితో ఆగిపోతుంది. ఇది నేవీ వాళ్లు బదిలీల మీద వచ్చిపోయే ఊరు, కుక్కతో దిగేవాళ్లు తగులుతూనే ఉంటారు. అద్దె ఒకటో తారీఖుకే వేసే మనిషిని వద్దని, మూడు నెలలు తాళం వేసుకు కూర్చున్నవాళ్లను చూశాను.

అపోహ: కుక్క ఉంటే ఇల్లంతా కంపు.

వాస్తవం: కంపు కుక్కది కాదు, సరిగ్గా కడగని మూత్రానిది. విట్రిఫైడ్ టైల్ దాన్ని పీల్చుకోదు, టైల్స్ మధ్య సందులు పీల్చుకుంటాయి. పాలరాయి, ప్లైవుడ్ కప్‌బోర్డు అడుగు, తలుపు గుమ్మం కూడా అంతే. ఇలా ఇంకిన మూత్రం మామూలు నీళ్లకు పూర్తిగా పోదు. గాలిలో తేమ పెరిగితే వాసన మళ్లీ లేస్తుంది. మన ఊళ్లో తేమకు కరువేముంది! జనవరిలో బాగున్న గది జూన్‌లో ముక్కు మూసుకునేలా ఉంటుంది. ఫినాయిల్ పోస్తే ఆ పూటకే. బ్లీచింగ్ అసలు వద్దు, మూత్రంతో కలిస్తే ప్రమాదకరమైన గ్యాస్ వస్తుంది. పెంపుడు జంతువుల షాపుల్లో ఎంజైమ్ క్లీనర్ దొరుకుతుంది, అదే వాడమనండి. ఇల్లు ఖాళీ చేసే రోజున హాలు మధ్యలో నిలబడి చూస్తే ఏమీ తెలియదు. వంగి, కప్‌బోర్డు అడుగున వాసన చూడాలి.

అపోహ: చిన్న జాతి అయితే ఫర్వాలేదు.

వాస్తవం: ఆరేళ్ల లాబ్రడార్ రోజంతా పడుకునే ఉండొచ్చు. పళ్లు మారే వయసు, అంటే నాలుగైదు నెలల పిల్ల, ఏ జాతిదైనా గుమ్మాలు కొరుకుతుంది. జాతి కంటే ముందు వయసెంత, రోజుకు ఎన్ని గంటలు ఒంటరిగా ఉంటుందో అడగండి. పక్క ఫ్లాట్ వాళ్ల గొడవలు ఎక్కువగా ఒంటరిగా ఉండి మొరిగే కుక్కతోనే.

అపోహ: పిల్లి అయితే ఏ గొడవా ఉండదు.

వాస్తవం: పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని మగపిల్లి గోడల మీద మూత్రం చిమ్ముతుంది. గోళ్లకు దోమల మెష్ ఏమవుతుందో చెప్పనే అక్కర్లేదు.

అపోహ: అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వద్దంటే అంతే.

వాస్తవం: మెజారిటీ తీర్మానం చేసినా అసోసియేషన్ పెంపుడు జంతువులను నిషేధించకూడదని భారత జంతు సంక్షేమ బోర్డు 2015 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మీ ఫ్లాట్ ఎవరికి ఇవ్వాలన్నది మాత్రం మీ ఇష్టం.

అపోహ: అగ్రిమెంట్‌లో "పెంపుడు జంతువులు నిషేధం" అని రాస్తే టెన్షన్ ఉండదు.

వాస్తవం: పదకొండు నెలల అగ్రిమెంట్‌లో ఆ లైను ఎవరు చదువుతారండీ? మూడో నెలలో పిల్లల మారాం మీద ఓ కుక్కపిల్ల వస్తుంది. మీకు తెలియకూడదని దాస్తారు. దాచిన కుక్క కంటే ఒప్పుకున్న కుక్క నయమన్నది నా మాట. కుక్క వయసు, ఏటా రేబిస్ టీకా కాగితం, పాడైతే ఎవరు బాగు చేయించాలి, వెళ్లేముందు గోమార్ల (కుక్కను పట్టి రక్తం తాగే పురుగుల) మందు కొట్టించడం, ఇవన్నీ రాయించండి. గోమార్లను తేలిగ్గా తీసుకోవద్దు. గోడ పగుళ్లలో దూరి నెలల తరబడి తిండి లేకుండా బతుకుతాయి, ఇల్లు కడిగినంత మాత్రాన పోవు.

తాళాలు ఇచ్చే రోజున ఫోటోలు తీసి ఇద్దరి ఫోన్లలో ఉంచుకోండి. లాసన్స్ బే దగ్గర ఓ ఓనరు బాల్కనీ గ్రిల్‌కు పట్టిన తుప్పు కూడా కుక్క ఖాతాలోనే రాసి, అడ్వాన్సులో కోత పెట్టబోయారు. సముద్రపు గాలి చేసిన పనికి ఆ మూగజీవి ఏం చేస్తుంది?

అన్ని ఇళ్లకూ సరే అనమని చెప్పను. కింద ఓనరు, పైన అద్దెవాళ్లు, మెట్లు ఒక్కటే, ఇంట్లో ఆస్తమా ఉన్న పెద్దావిడ. అలాంటి ఇంటికి కుక్క ఉన్నవాళ్లను నేనే తీసుకెళ్లను.